నాయన తెచ్చిన పాసులు

మా చిన్నప్పుడు... పొద్దున ప్యాసింజరు వచ్చే వేళకు స్టేషనంతా చామంతుల వాసనే! చందాపుర అవతల మాది పూలతోటల ఊరు. ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని, ఒకరినొకరు కేకలేసుకుంటూ బండికి పరుగులు తీసేవాళ్లు.

స్టేషన్ అంటే ఏదో ఊహించుకునేరు... ఒక్క గది, దానికో కిటికీ, అంతే. బండి ఆగితే చాలని తాతల కాలంలో ఊరివాళ్లే మట్టి మోసి ప్లాట్‌ఫాం వేసుకున్నారట. రైల్వే ఉద్యోగి అంటూ ఎవరూ ఉండరు. టికెట్లు అమ్మేది మా ఊరి రత్నమ్మత్తే. అమ్మిన టికెట్ల మీద వచ్చే కమీషనే ఆమెకు బతుకుతెరువు.

బండి కదలబోతుంటే ఎవరో ఒకరు పొలం గట్టు మీద తువ్వాలు ఊపుతూ పరుగెత్తుకొచ్చేవాళ్లు. రత్నమ్మత్త గార్డుకు చెయ్యెత్తి అరిచేది. "రోంతసేపు ఉండప్పా, ఇంగొకరు వస్తా ఉండారు!" గార్డు విసుక్కుంటూనే ఆపేవాడు. ఆయుధపూజకు ఇంజనుకు దండలు మావాళ్లే వేసేవాళ్లు మరి!

మా నాయనకు సిటీలో ఫ్యాక్టరీ పని. రోజూ టికెట్ కొనే కంటే నెల పాసు చవక కదా అని ఆయనకు తోచింది. పాసులు మా కిటికీలో ఇవ్వరు, సిటీ స్టేషన్‌లోనే ఇస్తారు. ఊరందరి ఫోటోలు పట్టుకెళ్లి, డ్యూటీ దిగాక లైన్‌లో నిలబడి, అందరికీ పాసులు తెచ్చిపెట్టేవాడు. ఊరు ఊరంతా ఆయన్ను మెచ్చుకుంది. నేనైతే కాలరెగరేసుకుని తిరిగాను...

కొన్నాళ్లకు ఆ కిటికీ మీద ఒక నోటీసు అంటించారు. ఇక్కడ ఎక్కేవాళ్లు లేరు కాబట్టి ఇకపై బండి ఆగదట. ప్లాట్‌ఫాం నిండా బుట్టలతో నిలబడిన జనమే ఆ కాగితాన్ని చదివించుకున్నారు!

నాయన పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. పాసుల లెక్కంతా సిటీ స్టేషన్‌కే పోయిందని, మా స్టేషన్‌లో టికెట్లే తెగడం లేదని అక్కడ చెప్పారు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఆ తర్వాత రత్నమ్మత్త ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఇప్పుడు మేం హెబ్బగోడిలో ఉంటున్నాం. మొన్న నాయన్ను చందాపురలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బయటికి రాగానే రోడ్డు పక్కన పూలబుట్టతో రత్నమ్మత్త! ఈసారి తప్పించుకోవడానికి సందు లేదు.

"నా వల్లే పోయె కదమ్మా నీ కిటికీ..." అన్నాడు నాయన, నేల చూస్తూ.

ఆమె మూర కొలుస్తున్న చెయ్యి ఆపేసింది. "నీ తప్పేముండాదన్నా? కిటికీ కాడికి ఎవురూ రాకుంటే బండి ఈడ నిలపరని నాకు ముందే తెలుసు. చెప్తే, కమీషన్ కోసం ఏడుస్తా ఉండాదని అనుకుంటారని నోరు మూసుకుంటిని. తప్పు నాదే."

ఇన్నేళ్లూ ఇద్దరూ అదే బరువు మోశారు... ఎవరి మటుకు వాళ్లే. అందులో నా పాలూ ఉంది. నాయన తెచ్చిన పాసు మీద బండిలో కిటికీ పక్కన కూర్చుని హాయిగా తిరిగినవాణ్ణి నేనూ కదా!

మా ఊరి మీదుగా బండ్లు ఇప్పటికీ పోతున్నాయి... ఒక్కటీ ఆగదు. మీ ఊళ్లో ఇంకా ఆగుతోందా? అయితే ఈసారి వెళ్లినప్పుడు టికెట్ అక్కడి కిటికీలోనే కొనండి. ఈ మాట మీ అందరికీ రాయమన్నది మా నాయనే.