పళ్ళెం మీద రెండు చేతులు

మా బావ ఆ రెస్టారెంటును పదేళ్ళపాటు పైనుంచే చూశాడు. బావంటే మా అక్క మొగుడు. టెక్కలి మనిషి, హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో ఏసీ మెకానిక్. ఆ హోటల్లో ఫ్రెంచి వంటలు వడ్డించే హాలు ఒకటుంది. దాని ఫాల్స్ సీలింగ్ మీద బోర్లా పాకుతూ గొట్టాలు బాగుచేయడం ఆయన పని. గాలి దిగే జాలీ సందుల్లోంచి చూస్తే కింద బట్టతలలూ, కొప్పులూ, చేటలంతేసి పళ్ళాలూ కనిపించేవట. పళ్ళెం మధ్యలో మాత్రం ఏదో చిన్నది, ఎర్రగా, గుండ్రంగా. జనం దానికేసి చాలాసేపు చూసి అప్పుడు తినేవారట.

"మన ఊళ్ళో అయితే ఈపాటికి మూడో బంతి లేచిపోద్ది. ఆళ్ళు ఇంకా మొదటి ముక్క సూత్తానే ఉంటారు. మంచి మాంసమే అయ్యుంటాది" అని ఊరొచ్చినప్పుడల్లా చెప్పేవాడు.

పదేళ్ళ సర్వీసు పూర్తయిన వాళ్ళకి హోటలు వాళ్ళు నలుగురికి ఒక పూట భోజనానికి కూపను ఇస్తారు. ఏ హాల్లో కావాలంటే ఆ హాల్లో. బుర్ర ఉన్నవాళ్ళంతా బఫే హాలు కోరుకుంటారు. మా బావ ఫ్రెంచి హాలు కోరుకున్నాడు. బిర్యానీ ఉన్న చోటికి తీసుకెళ్ళకుండా ఆ గుప్పెడు తిండి ఏమిటని అక్క వారం రోజులు సాధించింది. బావది ఒకటే మాట. "ఆ పళ్ళెంలో ఏటుందో తెలీకుండా రిటైరయిపోతానేటి?"

సరిగ్గా ఆ రోజుల్లోనే నేనూ నాన్నా వాళ్ళింట్లో ఉన్నాం. విందు కోసం వెళ్ళలేదు. ఆసుపత్రి కోసం వెళ్ళాం. గేదె ఈనే రోజులని అమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది.

మాది ఉద్దానంలో, కవిటికి దగ్గర ఊరు. నాన్నకి కొబ్బరితోట ఉంది. నేను పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతూ శనివారం సాయంత్రాలు ఇల్లు చేరేదాన్ని. నాన్నకి అప్పటికి రెండేళ్ళుగా కిడ్నీల జబ్బు. మా వైపు ఈ జబ్బు సంగతి తర్వాత తర్వాత పేపర్లకెక్కింది గానీ, అప్పట్లో మా ఊళ్ళో ఎవరూ దాని పేరు పైకి అనేవారు కాదు. "గ్యాసు" అనేవారు. కాళ్ళు వాచినా గ్యాసే, అన్నం సయించకపోయినా గ్యాసే. మా వీధిలో చాలామంది మగవాళ్ళకి గ్యాసు ఉండేది. నాన్న కూడా బయట అదే చెప్పుకునేవాడు.

తినకూడనివన్నీ వరసగా ఇంగ్లీషులో టైపు కొట్టి డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. నాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకునేవాడు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చూపించలేదు. ఉప్పు దాదాపు లేదు. ఊరగాయలూ, ఎండుచేపలూ లేవు. కొబ్బరితోటలో పుట్టి పెరిగినవాడు కొబ్బరినీళ్ళు తాగకూడదు. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి వండాలి. కాళ్ళ వాపు ఉంది గనక మంచినీళ్ళు కూడా సీసాతో కొలుచుకుని తాగాలి.

ఇంట్లో అయితే ఎలాగో గడిచేది. చిక్కంతా బంతి దగ్గర వచ్చింది. మా వైపు విందులో కడుపు నిండిందని నోటితో చెబితే ఎవరూ నమ్మరు. రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి, దాని మీదికి వంగి కాపలా కాయాలి. అయినా వడ్డించేవాడు వేళ్ళ సందుల్లోంచి పోసేసి నవ్వుతూ వెళ్ళిపోతాడు. అది ప్రేమ. నాన్న కూడా వయసులో ఉన్నప్పుడు బకెట్టు పట్టుకుని అలా పోసినవాడే. ఒక పెళ్ళిలో అమ్మ తరపు చుట్టం ఒకాయన "మా ఇంట్లో మెతుకు ముట్టవేటి?" అని మొహం మాడ్చుకుంటే, కాదనలేక పులుసూ, అప్పడాలూ, ఆఖర్న కొబ్బరినీళ్ళూ అన్నీ పుచ్చుకున్నాడు. మూడోనాటికి ఆయాసం. విశాఖలో వారం రోజులు మంచం మీద ఉన్నాడు.

అప్పట్నుంచి నాన్న ఎవరి పక్కనా కూర్చుని తినడం మానేశాడు. విందులకి వెళ్ళడు. ఇంట్లో కూడా మేం తిని లేచాక, గోడవైపు తిరిగి ఒక్కడూ నాలుగు ముద్దలు మింగేవాడు. మేమూ చప్పిడి తింటామంటే కోప్పడేవాడు. మనిషి సగమైపోయాడు. హైదరాబాదు డాక్టరు కొత్తగా చెప్పింది ఆ ముక్కే. "కొన్ని మానమన్నాం గానీ తిండే మానమన్నామా? మీరు ముందు తినండి." జబ్బు కంటే ముందు ఈ పస్తులే ఆయన్ని తీసుకుపోతాయేమోనని నాకు చచ్చేంత భయం వేసింది.

ఆ సాయంత్రమే బావ విందు. నాన్న రానన్నాడు.

"తినక్కర్లేదు మావా, అక్కడ పెట్టరు కూడాను. ఊరికే సూడ్డానికి రా" అన్నాడు బావ.

చూడ్డానికి అనేసరికి నాన్న లేచాడు. తిండి మీద ఆశ పోయింది గానీ వింతల మీద ఆశ పోని మనిషి. బూట్లు లేకపోతే రానివ్వరని బావ తన డ్యూటీ బూట్లు తొడిగించాడు. లోపల పేపరు కుక్కినా నాన్న అందులో బురద చేలో నడిచినట్టే నడిచాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, కింద ఇనప ముక్కు బూట్లు. తలుపు తీసినవాడు బూట్ల వంక ఒకసారి చూసి నమస్కారం పెట్టాడు.

కూర్చోగానే అందరూ బల్ల చూస్తే బావ పైకి చూశాడు. "అదిగో, ఆ జాలీ. ఆ మూల మర నేనే బిగించినాను" అని మురిసిపోయాడు. హాలు నిండా జనం ఉన్నా చప్పుడు లేదు. "ఇదేటి, సావింట్లో కూకున్నట్టుంది" అని అక్క నా చెవిలో గొణిగింది. పిల్లలకి ఇంగ్లీషు చెప్పేదాన్ని కదా అని మెనూ కార్డు నా చేతికిచ్చారు. అక్షరాలన్నీ నాకు తెలిసినవే, మాట ఒక్కటీ తెలియదు. పరువు కోసం కాసేపు చదివినట్టు నటించి మూసేశాను. మా అదృష్టం, కూపను భోజనానికి వరస వాళ్ళే నిర్ణయిస్తారట.

వడ్డించడానికి నడివయసు మనిషి ఒకాయన వచ్చాడు. మంచినీళ్ళు పోయకముందే అడిగాడు. "మీలో ఎవరికైనా తినకూడనివి, పడనివి ఏమైనా ఉన్నాయా సార్?"

మా ఊళ్ళో ఈ ప్రశ్న అడిగేవాడి కళ్ళు ముందు మన కాళ్ళ వాపు మీదికి పోతాయి. నాన్న నోట్లోంచి "గ్యాసు" అన్న మాట వస్తుందని ఎదురుచూశాను. కానీ ఈ వడ్డించే మనిషి అడిగిన తీరు వేరు. బస్సు కండక్టరు ఎక్కడికని అడిగినట్టు అడిగాడు. నాన్న ఒక్క నిమిషం ఆయన మొహంలోకి చూసి, లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. కవరు విప్పి, నాలుగు మడతలూ విప్పి, కాగితం ఇచ్చాడు. ఆయన నిలబడే పైనుంచి కిందిదాకా చదివాడు. అయ్యో అనలేదు. "చేప తింటారా సార్?" అని మాత్రం అడిగాడు.

"తింతాను" అన్నాడు నాన్న.

"కిచెన్లో చూపించి తెస్తాను" అని కాగితం పట్టుకెళ్ళిపోయాడు. నాన్న ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు.

మొదటి పళ్ళెం వచ్చింది. చేటంత పళ్ళెంలో ఎర్రగా, గుండ్రంగా, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. బావ రెండు చేతులూ బల్ల మీద ఆనించి దాన్ని చూశాడు. పదేళ్ళుగా పైనుంచి చూసిందదే. జాగ్రత్తగా ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. మళ్ళీ నమిలాడు.

"బీట్‌రూటు" అన్నాడు నీరసంగా.

అక్క నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చావింట్లో అంత గట్టిగా నవ్వినవాళ్ళు మేమే. నాన్నకి బీట్‌రూటుకి బదులు దోసకాయ వచ్చింది, కాగితమంత పల్చగా చెక్కి, పువ్వులా మడిచి. ఆయన దాన్ని ఫోర్కుతో ఎత్తి దీపానికి పెట్టి చూశాడు. అవతలి మనిషి కనిపిస్తున్నాడన్నాడు. ఏ కత్తితో తరిగారో అడగమన్నాడు. నేను అడగలేదు, నాకు మొహమాటం.

తర్వాత చేప వచ్చింది. చర్మం పైకి పెట్టి వేయించిన చిన్న ముక్క. వడ్డించేవాడు చిన్న చెంబులాంటిదాంట్లో ఏదో రసం తెచ్చి, మాకు తలా కొంచెం పోసి, ఇంకో చెంబు పట్టుకుని నాన్న దగ్గరికి వచ్చాడు. "ఇది మీ కోసం వేరే చేశారు సార్" అంటున్నాడు గానీ నాన్న వినలేదు. చెంబు కనిపించగానే రెండు చేతులూ పళ్ళెం మీద అడ్డం పెట్టి, వంగి, కళ్ళు మూసేసుకున్నాడు.

"సరే సార్" అని ఆయన వెళ్ళిపోయాడు.

నాన్న అలాగే వంగి ఉన్నాడు. వేళ్ళ మీద వేడిగా పడుతుందని ఎదురుచూస్తున్నాడు.

"ఎల్లిపోనాడా?" అన్నాడు కాసేపటికి.

"వెళ్ళిపోయాడు నాన్నా."

చేతులు తీసి వాటికేసి చూసుకున్నాడు. తడి లేదు. "మళ్ళీ అడగలేదేటి?"

"వద్దన్నావు కదా."

"వద్దంటే మానీసినాడా?"

ఆ మొహం నాకింకా గుర్తుంది. అంత ఆశ్చర్యం దోసకాయని చూసినప్పుడు కూడా లేదు. వడ్డించేవాడు ఎటు వెళ్ళాడో, పక్క బల్ల దగ్గర ఏం చేస్తున్నాడో మెడ తిప్పి చూశాడు. అక్కడ ఒకావిడ చెయ్యి అలా ఊపితే చాలు, ఆగిపోతున్నాడు. నాన్న చేపముక్క కొంచెం తిన్నాడు. నమిలి, ఆలోచించి, నాతో మెల్లగా అన్నాడు.

"ఒలే గుంటా, ఆ రసం ఏటో, ఒక సుక్క ఎయ్యమను. సూద్దుం."

రెండేళ్ళలో నాన్న నోట ఫలానాది పెట్టమన్న మాట వినడం అదే మొదలు. వడ్డించేవాడు మళ్ళీ వచ్చి చెంబు వంచాడు. నాన్న వేలు ఎత్తాడు. వేలు ఎక్కడ లేచిందో ధార అక్కడ ఆగింది. నాన్న నా వంక చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. తర్వాత చేప మొత్తం తిన్నాడు. ఫోర్కు పక్కన పెట్టేసి, చేత్తో, రొట్టెముక్కతో పళ్ళెం తుడిచి మరీ తిన్నాడు. మా నలుగురి పళ్ళాల్లోనూ ఉన్నది అంతే. ఎవరిదీ ఎక్కువ కాదు, నాన్నదీ తక్కువ కాదు. గోడవైపు తిరగకుండా, నాకూ అక్కకీ మధ్య కూర్చుని ఖాళీ చేసిన ఆ పళ్ళెం చూస్తే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బావ అది చూసి, తన పళ్ళెంలో చేప బీట్‌రూటు కానందుకు తనకీ ఏడుపొస్తోందన్నాడు.

చివర్లో వంటాయనే కాగితం తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. తెల్లకోటు, నెరిసిన మీసం. హిందీలో మాట్లాడాడు. రెండు మాటలు వినేసరికి నాన్న ఒడియా అందుకున్నాడు. ఇచ్ఛాపురం సంతలో కొబ్బరికాయలు అమ్మి నేర్చిన ఒడియా. ఆయనది బరంపురం పక్క ఊరట. ఫ్రెంచి వంట మా రైలు లైను మీది మనిషి చేశాడని తెలిశాక బావకి ఆ హోటలు మీద ఉన్న కాస్త భయమూ పోయింది.

నాన్న ఆయన్ని వదల్లేదు. ఉప్పు లేకుండా ఆ రుచి ఎలా వచ్చిందన్నాడు. ఉల్లిపాయ సన్నటి సెగ మీద రెండు గంటలు మగ్గబెట్టానని, నిమ్మతొక్క గీరి చల్లానని చెప్పాడాయన. ఇంకోటి అడగడానికి నాన్న కొంచెం తటపటాయించాడు. ఇలా కాగితం పంపితే తప్పుగా అనుకోరా?

"రోజూ వస్తాయి" అన్నాడు వంటాయన ఒడియాలో. "ఒకరికి పాలు పడవు, ఒకరికి వేరుశనగ పడదు. చెబితే వండడం ఎంత పని? చెప్పకుండా పళ్ళెంలో వదిలేస్తేనే నాకు కష్టంగా ఉంటుంది."

కాగితం మూల నూనె వేలిముద్ర ఒకటి పడి ఉంది. నాన్న దాన్ని చూసుకుని, కవర్లో చుట్టకుండా పైజేబులో పెట్టుకున్నాడు.

మూడు నెలల తర్వాత మా వీధిలో ఒక గృహప్రవేశం. ఆ రోజు పొద్దున్నే నాన్న నన్ను రమ్మని, పెరట్లో పొయ్యిల దగ్గరికి తీసుకెళ్ళాడు. వంట మేస్త్రి పప్పు గుండిగలో గరిటె తిప్పుతున్నాడు. నలుగురైదుగురు మగవాళ్ళు చుట్టూ కూర్చుని పనసకాయ కొడుతున్నారు. నాన్న జేబులోంచి కాగితం తీశాడు.

"నాకు కిడ్నీల జబ్బు. ఇయ్యి తినకూడదు. ఉప్పెయ్యక ముందు నాకు కొంచెం తీసి పక్కనెట్టు" అన్నాడు మేస్త్రితో. నా వైపు తిరిగి, "సదువు" అన్నాడు.

పొయ్యిల హోరులో గొంతు పెంచి చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, ఉప్పు దగ్గర్నుంచి కొబ్బరినీళ్ళ దాకా, అందరూ వింటుండగా. పనసకాయ మీద కత్తి చప్పుడు ఆగిపోయింది. నాకు తల ఎత్తాలంటే భయమేసింది.

"ఓస్, ఇంతేనేటి? ముందే సెప్పొచ్చు గదా అన్నా" అని మేస్త్రి ఒక చిన్న గిన్నె తీసి కడగబోయాడు.

అప్పుడు పనసకాయ కొడుతున్న వాళ్ళలో ఒకాయన లేచాడు. చేతి జిగురు తువ్వాలుకి తుడుచుకుని, లోపలి జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. "అమ్మా, ఇది కూడా అదేనేటో కాస్త సూడు" అన్నాడు. అదే. ఆ మాట నేను పైకి అనేలోపే, అవతల కట్టెలు ఎగదోస్తున్న ఇంకొకాయన మొలలోంచి తన కవరు తీస్తున్నాడు. వాళ్ళిద్దరికీ గ్యాసని మా వీధంతా ఎరుగును.

నాన్న ఒక్కొక్కరి చేతిలోని కాగితాన్నీ చూశాడు. ఇంకా లేవని వాళ్ళ వంక కూడా చూశాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు.

"ఆ గిన్ని సాల్దురా. పెద్దది ఎక్కించు."