పు సైజికా కలుపు జబ్బు

పు సైజికాకు ఒకటే జబ్బు. కలుపు కనబడితే పీకకుండా ఉండలేడు. అది తన పొలమా, పరాయి పొలమా, చర్చి వాకిలా అన్న విచక్షణ ఆయనకు లేదు. అందులోనూ పొలాలను కమ్మేసే జపాన్ తీగ పేరెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు. ఊళ్ళో పెద్దవాళ్ళ పేరుకు ముందు గౌరవంగా మగవాళ్ళకైతే 'పు', ఆడవాళ్ళకైతే 'పి' అంటారు. ఆయన పేరుకు ముందు ఆ 'పు'తో పాటు ఒక చిన్న నవ్వు కూడా వచ్చేది.

ఒకసారి మేనల్లుడికి పిల్లనడగడానికి ఆయన్ని మధ్యవర్తిగా పక్క ఊరు పంపారు. పిల్ల తండ్రి టీ తెప్పించి, గొంతు సవరించుకుని, "మరి మీ అబ్బాయి సంగతి..." అంటూ తలెత్తేసరికి ఎదురుగా మనిషి లేడు. ఇల్లంతా వెతికారు. పు సైజికా పెరట్లో, పందుల దొడ్డి వెనకాల, మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఏమిటండీ ఇది?"

"మీ పెరట్లో ఇంత తీగ పెట్టుకుని రాత్రిళ్ళు నిద్ర ఎలా పడుతోందండీ మీకు?"

పిల్ల తండ్రి శుభ్రమైన పెరటిని ఒకసారి చూసి, అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు వియ్యాలవారి పలకరింపులకు ఈయన్నే పంపాలని షరతు మాత్రం పెట్టాడట.

శ్మశానంలో ప్రార్థనకు ముందు పాస్టరు గారు ప్రత్యేకంగా చెప్పేవారు: "అందరం కళ్ళు మూసుకుందాం. పు సైజికా, మీరు చేతులు కూడా."

ఛువానీ పెళ్ళయి ఆ ఊరికి వచ్చిన కొత్తలో ఈ కథలన్నీ విని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ ఏడు వానాకాలం వచ్చేసరికి మాత్రం ఆమెకు నవ్వే ఓపిక లేకపోయింది.

గింజలు వేసిన వారానికే ఆమె భర్త బియాకా కొండదారిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మొదటి కలుపు ఎలాగో గట్టెక్కింది. రెండో కలుపు దగ్గర చిక్కొచ్చింది. అక్కడ కలుపంతా బదుళ్ళ మీద నడుస్తుంది. నువ్వు నా పొలానికి ఒక రోజు వస్తే, నేను నీ పొలానికి ఒక రోజు రావాలి. ఛువానీ అందరి రోజులూ తీసుకుంది. తిరిగి ఇవ్వడానికి ఆమెకు రోజులు లేవు. మొగుడికి వండి పెట్టాలి, కట్టు మార్చాలి, వాగు నుంచి నీళ్ళు మోయాలి.

"నువ్వు పిలిస్తే మేం రామా?" అంది కలుపు గుంపు నడిపే పి తెయీ, తలకు కట్టిన గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంటూ. "కానీ పిల్లా, బదులు ఎవరిస్తారు? మా వరి కూడా పొట్ట మీదికి వస్తోంది."

"అడగడం లేదు పీ. ఊరికే చెప్పాను," అంది ఛువానీ. ఇవ్వలేనిది తీసుకోవడం ఆమెకు చేతకాదు.

రోజూ తెల్లవారి రెండు గంటలు దొరికేవి. ఆ రెండు గంటల్లో చేతిపారతో తీగను కసాబిసా నరికి అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తేది. వాన ఆగడం లేదు. ఆరో రోజు చూస్తే, నరికిన ప్రతి ముక్కా కణుపు దగ్గర వేరు దింపి, లేత ఆకులు విప్పుకుని కూర్చుంది. ఒక తీగ పది తీగలయింది. కొండవాలు పైవార వరి మొక్కల మెడలకు చుట్టుకుని కిందికి లాగుతోంది. ఇంకో పది రోజులు ఇలాగే ఉంటే వెన్ను బయటికే రాదు. వెన్ను రాకపోతే ఏడాదంతా ఏం తింటారు? ఛువానీ ఆ బురదలోనే చతికిలబడింది. ఇంటికెళ్ళాక బియాకా, "పొలం ఎలా ఉంది?" అని అడిగితే, "పచ్చగా ఉంది," అంది. అబద్ధం కూడా కాదు.

మర్నాడు వెళ్ళేసరికి పైవార ఒక చెక్క అంతా శుభ్రంగా ఉంది. పొలం కోసం అడవి కాల్చినప్పుడు మిగిలిన మొద్దులన్నిటి మీదా జపాన్ తీగలు తలకిందులుగా, చాకిరేవులో బట్టల్లా వేలాడుతున్నాయి. మధ్యలో పు సైజికా, నుదుటి పట్టీతో వీపుకు బుట్ట వేలాడేసుకుని, తీగను తిడుతున్నాడు.

"రావే తల్లీ, రా. వేరుతో సహా రా. సగం ఇక్కడ వదిలి సగం వస్తానంటే ఊరుకోను."

ఛువానీకి ఒళ్ళు మండింది. "పూ! ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"ఎవరు నరికారిక్కడ?" ఆయన తల కూడా తిప్పలేదు. "ఇది కలుపు తీయడమా, నారు పోయడమా? ముక్కలు చేసి తడి నేల మీద పడేస్తారటమ్మా! దీన్ని మొద్దుకెక్కించి ఎండబెట్టాలి. మన్ను తగలనివ్వకూడదు."

"మీ రోజు నేను తిరిగి ఇవ్వలేను. దయచేసి వెళ్ళండి."

"రోజా? ఏ రోజు? నేను పనికి రాలేదు పిల్లా, నాకిది జబ్బు. ఊరంతా ఎరుగుదురు. నీ వాకిట్లో నిలబడి దగ్గాననుకో, బదులుకు నువ్వొచ్చి మా వాకిట్లో దగ్గుతావా?"

ఛువానీ కోపంగానే వంగి పక్క సాలు అందుకుంది.

"వేరు పట్టుకో, వేరు! మెడ పట్టుకుంటే ఏమొస్తుంది?"

ఎనిమిది రోజులు ఇదే గొడవ. ఆవిడ వచ్చేసరికే ఆయన ఉండేవాడు, ఆవిడ వెళ్ళాకా ఉండేవాడు. ఆమె తెచ్చిన అన్నం పొట్లం ఇస్తే ముట్టుకునేవాడు కాదు, తింటే అది పని కిందికి వస్తుందని. తొమ్మిదో రోజు వాన కాస్త తెరిపిచ్చింది. పైవారలో మొదటి వెన్ను బయటికి తొంగిచూసింది. ఛువానీ దాన్ని ముట్టుకుని చూసి, ఎవరూ చూడకుండా ముక్కు తుడుచుకుంది.

ఆ సాయంత్రం వాగు దగ్గర పి తెయీ నవ్వింది. "సైజికా నీ పొలంలో పడ్డాడటగా? పోనీలే. ఆయన రోజులు ఎవరూ బదుళ్ళలో కలపరు. పిచ్చివాడి పని."

"మీ పొలంలో ఎప్పుడైనా పడ్డాడా పీ?"

"మా పొలమా? లేదే. దారిలో నిలబడి అరిచి పోతాడు." పి తెయీ వెదురు గొట్టం కింద పెట్టిన కడవ ఎత్తుకోబోయి ఆగింది. "పోయినేడు చింగీ కానుపప్పుడు వాళ్ళ పొలంలో పడ్డాడు. అంతకు ముందేడు ఆ కళ్ళు కనపడని ముసలాయన పొలంలో. దాని ముందు..." కడవలోంచి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కడవ వంక చూడలేదు.

మర్నాడు బియాకాకు తెల్లవారకముందే వండి పెట్టి, ఛువానీ తన పొలానికి కాకుండా గట్టు దాటి పు సైజికా పొలానికి వెళ్ళింది. ఎవరూ అటు వెళ్ళే పని పడదు. ఆయనకు బదుళ్ళ గుంపు లేదు కదా.

పొలం ఎక్కడుందో మొదట తెలియలేదు. ఒక కొండ వాలంతా జపాన్ తీగ పరుచుకుని పూత మీద ఉంది. చాలా అందంగా ఉంది. దగ్గరికి వెళ్ళి తీగ ఎత్తి చూస్తే దాని కింద వరి ఉంది. ఊరందరికీ వేరు పట్టుకోమని పాఠం చెప్పే మనిషి పొలంలో వేరు పట్టుకునే నాథుడు లేడు. తన పొలంలోని ఒక్కొక్క వెన్నుకూ ఇక్కడ ఒక మొక్క ఊపిరాడక చచ్చిందని ఛువానీకి అప్పుడు తెలిసింది. పైసగం దక్కదు. కిందిసగం, వెంటనే పడితే, దక్కవచ్చు.

ఆమె పరుగున ఊళ్ళోకి వచ్చింది. పి తెయీ వింది. "పిలవకుండా పొలంలో దిగితే తిడతాడే," అంది. అంటూనే బుట్ట వీపుకు తగిలించుకుంది.

పొద్దెక్కేసరికి ఏడుగురు ఆడవాళ్ళు కిందివారలో ఉన్నారు. ఛువానీ పొలం ఖాళీగా ఉండడం చూసి, అనుమానం వచ్చి, పు సైజికా రొప్పుతూ గట్టెక్కి వచ్చాడు.

"ఏయ్! ఏయ్! ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? బయటికి పొండి! నా పొలం నా ఇష్టం. నాకు కలుపంటే ఇష్టం!"

"వేరు పట్టుకోండమ్మా, వేరు," అంది పి తెయీ, ఆయన మాట చెవిన పడనట్టు.

ఆయన ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. ఒకరి వెనక నిలబడ్డాడు, ఇంకొకరి ముందు నిలబడ్డాడు. తప్పు దొరకలేదు. తీగలన్నీ వేళ్ళతో సహా మొద్దుల మీదికి ఎక్కుతున్నాయి. తానే వంగబోతే పి తెయీ కసిరింది. "పొలం గలాయన పనివాళ్ళకు టీ పెట్టాలి. అది కూడా మేమే చెప్పాలా?"

పు సైజికా ఉన్నచోటే నిలబడిపోయాడు. ఆయన పొలంలో ఎప్పుడూ పనివాళ్ళు లేరు. ఎప్పుడూ టీ పెట్టలేదు. మంచెపాకలోకి వెళ్ళాడు. చాలాసేపు పొగ వచ్చింది, దగ్గు వినిపించింది, ఏదో కింద పడిన చప్పుడయింది. చివరికి నల్లటి కెటిల్ ఒక చేత్తో, వెదురు కప్పులు ఒక చేత్తో పట్టుకుని, పెళ్ళికొడుకులా తల వంచుకుని బయటికి వచ్చాడు. టీతో పాటు కొరుక్కోవడానికి అక్కడ ఇచ్చే బెల్లం తేవడం మర్చిపోయాడు.

పి తెయీ ఒక గుక్క తాగి, ఆకాశం వంక చూసింది. ఆ టీ వేపకషాయం కంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

"ఎలా ఉంది?" అన్నాడు పు సైజికా నేల చూస్తూ.

ఛువానీ కప్పు ఖాళీ చేసి ముందుకు చాపింది. "ఇంకా ఉందా పూ?"