గూడుబండి ముందు పడే బొట్టు

మా నాన్న గూడుబండి ముందువైపు కారేది. తోలేవాడి వెనక, సరిగ్గా పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూచునే చోట, వాన పట్టిందంటే ఒక్కో బొట్టూ పడుతూ ఉండేది. ఎండల్లో ఎవరికీ గుర్తుండేది కాదు.

నా తొలిచూలు పిల్లాణ్ణి పుట్టింటి నుంచి అత్తవారింటికి తీసుకెళ్ళింది ఆ బండిలోనే. దారంతా వాన. కొంగు కప్పాను గాని, ఆ కొంగే తడిసి వాడి గుండెకి అంటుకుపోయిందని దిగాక గాని చూసుకోలేదు. పడిశెమన్నారు, దోషమన్నారు. దొరల ఆసుపత్రి రాజమహేంద్రవరంలో ఉందిట. గోదావరి దాటించే లోపే వాడు లేడు. బండి మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తర్వాత ఆడపిల్ల పుట్టింది. దానికి మూడో నెల నడుస్తుండగా శ్రావణం వచ్చింది. నాలుగో నెల సరిసంఖ్య, పిల్లని అత్తవారింటికి పంపకూడదు. అయిదో నెల దాకా ఉంచుకుంటామంటే అత్తవారు ఊరుకోరు. గురువారం మంచిదన్నారు. నేను మాత్రం, ఆ బొట్టు ఆగితేనే బండెక్కుతానని చెప్పేశాను.

నాన్న వాదించలేదు. పడవలవాళ్ళు చిల్లులకి పూసే గుగ్గిలం తెచ్చి, నూనెలో కాచి, గూడు ముందంచు పొడుగునా పూశాడు. సాయంత్రం జల్లు పడింది. లోపల కూచుని చూశాను. బొట్టు పడింది. మళ్ళీ పూశాడు. మళ్ళీ పడింది. నాకు అన్నం సయించడం మానేసింది. పిల్ల తుమ్మితే చాలు, దాని గుండె మీది బట్ట తడిమి చూసేదాన్ని.

బుధవారం పొద్దున మూడోసారి పూస్తుంటే, మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, అరుగు మీంచి అంది:

"ముక్కు కారుతోందని ముక్కు మూసేస్తావట్రా?"

"మరెక్కడ చూడమంటావమ్మా? కారేది ఇక్కడేగా."

"పడేది అక్కడ. దూరేది ఎక్కడో నీకేం తెలుసు? దిగు."

చెంబుడు నీళ్ళలో పసుపు కలిపి నాన్నకిచ్చింది. చక్రమెక్కి, గూడు మీద ముందునుంచి వెనక్కి కాస్త కాస్త పొయ్యమంది. నన్ను లోపల చెయ్యి చాపుకుని కూచోమంది. ముందు పోస్తే ఏమీ లేదు. నడిమిన పోస్తే లేదు. వెనకాల పోశాక, ఇక ఇదీ కాదనుకుంటుండగా, నా అరచేతిలో పచ్చటి బొట్టు పడింది.

"పడింది మామ్మా. పసుపే."

పై చాపకీ లోపలి చాపకీ మధ్య, నడివెదురు వెంటే నీళ్ళు ముందుకి పాకుతున్నాయన్న మాట. నాన్న వెనకాల వేలితో తడిమి చూశాడు. పైచాపలో మేకు బెజ్జం దొరికింది.

"ఇది నేను కొట్టిన మేకే," అన్నాడు. "అమ్మాయి పెళ్ళి ఊరేగింపుకి చాందినీ కట్టడానికి కొట్టాను. తర్వాత పీకేశాను."

బెజ్జం మీద వేలు అలాగే ఉంచి నిలబడిపోయాడు. ఏం తలుచుకుంటున్నాడో నాకు తెలుసు.

"ఆ రోజు వానే ఎక్కువ నాన్నా," అన్నాను.

నాన్న గుగ్గిలంలో దూది ముంచి బెజ్జంలో కూరాడు. పైన కొత్త చాప వేసి కట్టాడు.

గురువారం పెనుగొండ దాటామో లేదో కుండపోత. పిల్ల మీదుగా అరచెయ్యి చాపి కూచున్నాను. చెయ్యి పీకేస్తున్నా దించలేదు. కాసేపటికోసారి నాన్న వెనక్కి తిరక్కుండానే అడిగేవాడు.

"ఏమన్నా పడుతోందా అమ్మా?"

"లేదు నాన్నా."

ఇంకో ఊరు దాటాక అరచెయ్యి తడిగా తగిలింది. సరిగ్గా అప్పుడే నాన్న మళ్ళీ అడిగాడు. జవాబు చెప్పకుండా చెయ్యి నాలిక్కి తగిలించుకున్నాను. ఉప్పగా ఉంది. నా చెమటే.

"పొడిగానే ఉంది నాన్నా," అన్నాను.

నమ్మాడో లేదో. పగ్గాలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపి, తడంతా నా చీరకి తుడుచుకుని, అప్పుడు పిల్ల తల తడిమి చూసుకున్నాడు.