గెంతే ముందు అనే మాట

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి సంవత్సరం. సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళు అరిగిన అంకుల్స్, ఆంటీలు. అలాంటి చోటికి ఎలీజ్ అనే ఫ్రెంచి క్రీడాకారిణి వచ్చింది. ఆమె చెల్లెలు పక్క బ్లాకులోనే ఉంటుంది.

ఎలీజ్ ఆడేది స్నోబోర్డ్ క్రాస్. రెండు పాదాలూ ఒకే పలకకు బిగించుకుని, నలుగురు ఒకేసారి మంచు వాలు దిగుతారు. గుట్టల మీంచి ఎగురుతారు, మలుపుల్లో భుజాలు రాసుకుంటాయి. ముందుగా కిందికి చేరినవారిదే గెలుపు. ఏసీ చలి తప్ప మరో చలి ఎరగని నాకు వింటుంటేనే వణుకు పుట్టింది.

మా రిసెప్షనిస్టు సరస మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తుంది. ఆమె ఫోన్‌లో వెతికి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఈమె అక్కడ పెద్ద స్టార్, లా. పిల్లలు ఈమె బొమ్మున్న టోపీలు పెట్టుకుంటారంట. మనమేమో బయట కూర్చోబెట్టేసినాము."

ఆ సంగతి చెబితే ఎలీజ్ నవ్వింది. "ఇక్కడ ఎవరూ గుర్తుపట్టరనే వచ్చాను. మా ఊళ్ళో రొట్టెల కొట్టుకు వెళ్ళినా, మళ్ళీ పోటీకి ఎప్పుడు దిగుతావనే అడుగుతారు. దిగగలనో లేదో నాకే తెలీదు."

ఆమెకు తెగింది ఏసీఎల్, అంటే మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచే లిగమెంట్. ఆపరేషన్ అయింది, బలమూ వచ్చింది. ఇక హాప్ టెస్ట్ పాసవ్వాలి. ఒంటికాలి మీద గెంతి, తూలకుండా నిలబడాలి. అది కాకపోతే ఈ చలికాలం జట్టులో ఆమె చోటు మరొకరికి ఇచ్చేస్తారు. కానీ గెంతిన ప్రతిసారీ కాలు కర్రలా బిగుసుకుపోయేది. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఒకరోజు ఆమే అడిగింది. "నేను గెంతే ముందు 'జాగ్రత్త' అంటావు. ఏమిటది?"

"బస్సెక్కేవాళ్ళకీ, పరీక్షకు వెళ్ళేవాళ్ళకీ, చివరికి కూర తరిగేవాళ్ళకీ మేం అదే అంటాం. ప్రేమ అనుకో."

"ప్రేమే కావచ్చు. నీ గొంతు వింటే మాత్రం నేను పడబోతున్నానని అనిపిస్తుంది."

ముందు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని నా నోటితో నేనే పేషెంటు కాలు బిగిస్తున్నానా అని. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. మరుసటిసారి నోరు మూసుకుని నిలబడ్డాను. ఎలీజ్ గెంతకుండా నా వైపు చూసింది.

"ఏదో ఒకటి అను. ఇలా ఊరుకుంటే ఇంకా భయంగా ఉంది."

నా నోటికి వచ్చింది ఒక్కటే మాట. "కానీయ్."

ఆమె గెంతింది. మోకాలు మెత్తగా వంగింది, మనిషి తూలలేదు. రెండు వారాలకు టెస్ట్ పాసైంది. నేను సంతకం పెట్టాను గానీ, ఆమె పోటీకి దిగేదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఆ చలికాలం సరసా నేనూ ఆమె పోటీని ఫోన్‌లో చూశాం. మొదటి రౌండులోనే నలుగురిలో నాలుగోది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"ఓడిపోయాను. కిందికి చేరి బోర్డు విప్పుతుంటే గుర్తొచ్చింది, దారిలో ఒక్కసారి కూడా మోకాలి గురించి ఆలోచించలేదని."

అప్పటిదాకా మోకాలు ఎంత వంగింది, ఎంత బరువు మోసింది అనే కొలిచేదాన్ని. ఇప్పుడు పేషెంట్లను ఇంకొకటి కూడా అడుగుతున్నాను: ఈ వారంలో దాన్ని ఎప్పుడైనా మరిచిపోయారా అని.