కొత్త బెల్లం పాఠం

అనకాపల్లిలోని ఒక శిక్షణ కేంద్రంలో మావారు సరుకుల సరఫరా, గోడౌన్ల నిర్వహణ సర్టిఫికెట్ కోర్సు చెప్పేవారు. నేనూ అక్కడే పని చేస్తాను. ఆయన పోయిన మరుసటి ఏడాది సిలబస్ మారింది. ఆయన పాత వీడియోలు తీసేసి కొత్తవి చేసే పని నాకే వచ్చింది. ఒక్క పాఠమైనా ఆయన గొంతుతో ఉంచాలని నా కోరిక.

"క్లాసులో చూపిద్దాం. వాళ్లకి పనికొస్తే ఉంచుదాం" అన్నారు ప్రిన్సిపాల్.

వీడియోలో ఆయన మా వంటింటి అరలోని బెల్లం దిమ్మలు చూపిస్తూ, ముందొచ్చిన సరుకే ముందు బయటికి వెళ్లాలని చెప్పారు. చివరి భాగం కత్తిరించడం నేను మరిచిపోయాను. అందులో, పాఠం అయిపోయిందనుకుని ఆయన కొత్త దిమ్మ నుంచి ఓ ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు. వెంటనే నా అరుపు.

"ఏటండీ, పాతది ఉండగా కొత్త బెల్లం తినేత్తన్నారు? ఇప్పుడేటి చెప్పేరు?"

"ఆ రూలు గోడౌనుకే. నోటికి కాదు!"

క్లాసంతా పకపకా నవ్వింది. నేను సిగ్గుతో వీడియో ఆపబోయాను.

"ఆపకండి మేడమ్! మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఇంకీ పాఠం జన్మలో మర్చిపోం" అంది, కిరాణా కొట్టు చూసుకుంటూ చదువుకునే రెహానా.

"ఉంచండి, ఆ చివర కూడా" అన్నారు ప్రిన్సిపాల్, నవ్వాపుకుంటూ.

ఆయన పోయాక నేను గట్టిగా నవ్వింది ఆ రోజే. ఇప్పుడు కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఆయన బెల్లం తింటారు, నేను కేకలేస్తాను.