ఒరోజాలీ కాళ్లు

ఒరోజాలీ జబ్బు మొదట నా ముక్కుకు తెలిసింది.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం వాళ్లింట్లో కూర్చుని ఉన్నాను. మా రెండిళ్లకూ మధ్య ఒకటే మట్టిగోడ. వాళ్ల కుండలో ఏం ఉడుకుతోందో నాకూ, మా ఇంట్లో ఎవరు తుమ్మారో వాళ్లకూ తెలిసిపోతూనే ఉంటుంది. బురుల్ టీ పోస్తోంది. ఆమె మొగుడు ఒరోజాలీ పొయ్యికి పాదాలు ఆనించుకుని, కనుమ మీద పడ్డ కొత్త మంచు సంగతి చెబుతున్నాడు. ఇంతలో ఉన్ని కాలుతున్న వాసన వచ్చింది.

"ఏమే బురుల్, గొర్రె తల కాలుస్తున్నావా? నన్ను పిలవకుండానే తినేద్దామనా?" అన్నాను.

"తలెక్కడిది అత్తమ్మా, ఉత్త టీకే గతిలేదు" అంటూ అటు తిరిగి కెవ్వుమంది.

ఒరోజాలీ మేజోడు పొగలు కక్కుతోంది. బురుల్ చేతిలోని టీ అలాగే దాని మీద గుమ్మరించింది. మేజోడు లాగేసరికి దానితోపాటు బొటనవేలి చర్మం కూడా వచ్చింది. ఆయన అరవలేదు. మాట ఆపి, పరాయివాడి కాలును చూసినట్టు తన కాలును చూసుకున్నాడు.

"మంట తెలీలేదా నాయనా?"

"పొయ్యికి ఆన్చానని కూడా తెలీలేదు పెద్దమ్మా."

ఆ తర్వాత నేను ఊరుకుంటానా? అడిగి అడిగి కక్కించాను. కాళ్లు మొద్దుబారడం మొదలై చాలా ఏళ్లయిందట. మొదట వేళ్లు, తర్వాత అరికాళ్లు, ఇప్పుడు చీలమండల పైదాకా ఏమీ తెలియడం లేదట. పెళ్లాంతో కూడా చెప్పలేదు. నడిచేటప్పుడు తల వంచుకుని నడుస్తుంటే, వయసొచ్చి మర్యాద నేర్చుకున్నాడని మేమంతా మెచ్చుకున్నాం. తీరా చూస్తే, పాదం ఎక్కడ పడుతోందో కళ్లతో చూసుకుంటే తప్ప నడవలేని స్థితి.

ఒరోజాలీ సర్కారు రోడ్ల శాఖలో మంచు తోసే గ్రేడరు బండి డ్రైవరు. సైన్యం నుంచి వచ్చిన ఏడాదే ఆ ఇనప బండి ఎక్కాడు, ఇంక దిగలేదు. మా ఊరు దాటగానే కనుమ మొదలవుతుంది. చలికాలంలో ఆయన మంచు తోస్తేనే అవతలి ప్రపంచం మాకు ఉన్నట్టు. పెళ్లి బృందాలు ఆయన వెనకే వెళ్లాయి, శవాలు ఆయన వెనకే వచ్చాయి. నా పెద్ద కోడలు నొప్పులు పడుతుంటే అంబులెన్సుకు ముందు దారి తీసింది ఆయనే. పిల్లాడు కనుమ మీదే పుట్టాడు. ఆ బండి మనిషిని పొద్దంతా జల్లెడలో గింజను ఆడించినట్టు ఆడిస్తుంది. పాదాల కింద ఇనుము, ఇనుము కింద మంచు. లోపల వెచ్చదనానికి పెట్టిన వేడి యంత్రం ఒక ఏడు పనిచేస్తే రెండేళ్లు పడుకుంటుంది.

"నొప్పి లేదు గదా, నాకేం బాధ" అన్నాడు. మళ్లీ తనే నిజం చెప్పాడు. "మొన్న దిగుడులో బ్రేకు తొక్కాననుకున్నా పెద్దమ్మా. బండి ఆగలా. వంగి చూస్తే కాలు బ్రేకు మీద లేదు, పక్కనుంది. ముందు మినీ బస్సు ఆగి ఉంది. కిటికీలోంచి ఒక పిల్ల నాకు చెయ్యి ఊపుతోంది." ఆ పిల్లకు వెంట్రుకవాసి దూరంలో బండి ఆగిందట. "ఈసారి ఆగదు."

పింఛను వయసు ఇంకా రాలేదు. అంతలోపు దిగాలంటే ఒకటే మార్గం, పని చేయలేని మనిషినని డాక్టర్ల కమిషన్ చేత ఒప్పించుకోవడం. ఆ రాత్రే బురుల్, నేను కలిసి ఆయన్ను కూర్చోబెట్టి దరఖాస్తు పెడతానని ఒప్పించాం.

రోడ్ల శాఖలో ఆయన పై అధికారి బకాస్. వయసులో చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

"కాళ్లు తిమ్మిరెక్కని డ్రైవరెవడు అన్నా! నాకూ ఎక్కుతాయి, కుర్చీలో కూర్చుని కూర్చుని" అని నవ్వాడట. "నువ్వు దిగితే కనుమ ఎవడు తెరుస్తాడు, మీ ఆవిడా?"

"ఆవిడకైతే కాళ్లున్నాయి" అన్నాడట మా వాడు.

బకాస్ సంతకమైతే పెట్టాడు. కమిషన్ ఒప్పుకుంటే పొమ్మన్నాడు, లేదంటే మళ్లీ బండి ఎక్కాలన్నాడు.

పట్నం ఆసుపత్రిలో ఏం జరిగిందో బురుల్ చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒరోజాలీ గడ్డం గీసుకుని, కూతురి పెళ్లికి కుట్టించిన కోటు తొడుక్కుని, బూట్లు మెరిపించుకుని వెళ్లాడు. అక్కడి డాక్టరు "ఎలా ఉన్నారు?" అని అడిగితే, "దేవుడి దయ, బాగున్నాను, మీ ఇంట్లో అందరూ క్షేమమేనా, పశువులు బాగున్నాయా?" అన్నాడట. మరి మాలో ఎవరైనా అంతే. చావు మంచం మీద ఉన్నవాడైనా ముందు బాగున్నాననే అంటాడు, తర్వాతే కష్టం చెబుతాడు. ఆ కష్టం చెప్పేదాకా డాక్టరు ఆగలేదు. ఆ బాగున్నాననే మాటే కాగితాల మీద రాసుకుని, ఈమధ్య దొంగ దరఖాస్తులు ఎక్కువయ్యాయి కాబట్టి కమిషన్ ఇంటికే వచ్చి చూస్తుందన్నాడు.

వాళ్లు వచ్చే ముందురోజు నేను ఒరోజాలీకి పాఠం చెప్పినట్టు చెప్పాను. "అబద్ధం ఆడక్కర్లేదు నాయనా. పరుపుల మీద పడుకో. కర్ర గోడకు ఆనించి పెట్టు. వాళ్లు రాగానే మేజోళ్లు తీసి కాళ్లు చూపించు. లేవకు. ఏం జరిగినా సరే లేవకు."

"అతిథులు గడప తొక్కుతుంటే దుంగలా పడుకోనా? మా నాన్న పోయేరోజు కూడా ముల్లా వస్తే లేచి కూర్చున్నాడు."

"వాళ్లు అతిథులు కారు, కమిషన్."

"మా ఇంట్లో టీ తాగితే అతిథులే."

చివరికి బురుల్ ఏడిస్తే సరేనన్నాడు. పొరుగున ఉండే సతార్ వచ్చి గొర్రెను కోసి ఇచ్చాడు. కోసేది ఇంటి యజమానే కావాలని ఒరోజాలీ గొణిగాడు గానీ కత్తి ఇవ్వలేదు మేము.

తెల్లారేసరికి మంచు పట్టింది. మాంసం ఉడుకుతోంది, బురుల్ పిండి ముక్కలు వేయిస్తోంది, ఒరోజాలీ చెప్పినట్టే పడుకుని ఉన్నాడు. వీధి మలుపులో కారు చప్పుడు వినిపించింది. తర్వాత చక్రం గిరగిరా తిరిగే ఏడుపు.

"వెనక చక్రం" అన్నాడు పడుకునే. "కాలవలో దిగింది."

"దిగనీ. సతార్ తీస్తాడు."

"సతార్ పొద్దున్నే సంతకు పోయాడు."

చక్రం మళ్లీ ఏడ్చింది. ఆయన మొహం చూశాను. పసిపిల్ల ఏడుస్తుంటే కదలకుండా కట్టేసిన తల్లి మొహంలా ఉంది.

"అట్టా తొక్కితే ఇంకా దిగుతుంది... ఎవడ్రా వాడు..." అంటూ లేచి కూర్చున్నాడు.

"ఒరోజాలీ!" అని అరిచాను.

"పెద్దమ్మా, నా గుమ్మం ముందు, నా రోడ్డు మీద, అతిథుల బండి మంచులో కూరుకుపోతే పరుపు మీద పడుకున్నాడని రేపు ఊరంతా చెప్పుకోవాలా? నేను రోడ్డు మనిషిని!"

బొచ్చు టోపీ పెట్టుకుని, కాళ్ల వంక చూసుకుంటూ, ఒక్కో అడుగూ కళ్లతో వేస్తూ బయటికి నడిచాడు. తెలియనివాళ్లకు మర్యాదగా తల వంచుకుని వస్తున్నట్టే కనబడతాడు. పార తీసుకుని చక్రం చుట్టూ మంచు తవ్వాడు, పొయ్యి బూడిద తెప్పించి చల్లాడు, పాత కంబళి కింద దూర్చాడు. "కాస్త వెనక్కి... ఆగు... ఇప్పుడు పోనీ!" కారు ఒక్క ఉరుకున బయటపడింది. కారు తలుపు తనే తీసి, రెండు చేతులూ చాపి పలకరించాడు.

దిగినాయన కమిషన్ పెద్ద, డాక్టరు ఎసెంకుల్. నెరిసిన జుట్టు, పెద్దమనిషి తరహా. ఆయన వెనక రాసుకునే అమ్మాయి.

"చాలా థాంక్స్ తమ్ముడూ. ఇంతకీ ఆ రోగి ఇల్లు ఎక్కడ?"

"నేనే అన్నా. రండి, లోపలికి రండి."

బురుల్ గుమ్మంలోనే కూలబడింది. నేను జబ్బ పట్టి లేపాను.

లోపల నేల మీద తిండి వడ్డించే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, రొట్టె, వెన్న, జామ్, వేయించిన పిండి ముక్కలు పోశాం. ఆ అమ్మాయి బుద్ధిమంతురాలు, కూర్చోగానే "మేజోళ్లు తీయండి మామయ్యా, చూస్తాం" అంది.

ఒరోజాలీ చెవులు ఎర్రబడ్డాయి. "రొట్టె పరిచారు తల్లీ. రొట్టె ముందు కాళ్లు చాపమంటావా? ముందు విరవండి."

అమ్మాయి పెద్దాయన వంక చూసింది. ఆయనా ఇలాంటి ఇంట్లో, ఇలాంటి గుడ్డ చుట్టూ పెరిగినవాడే. రొట్టె విరిచాడు. మాంసం వచ్చింది. గొర్రె తల, పెద్ద అతిథికి మర్యాదగా, ఆయన ముందే పెట్టాం. దాని చెవి కోసి ఆయన నాకిచ్చి, మిగిలింది పంచాడు. తిన్నాక అరచేతులు చాపి దీవించాడు: "ఈ పొయ్యి ఆరకూడదు. యజమాని కాళ్లకు బలం తగ్గకూడదు." ఆమీన్ అని అందరం అరచేతులతో మొహాలు తుడుచుకున్నాం.

"డాక్టరు బాబూ, దీవెన బాగుంది. ఇక ఆ కాళ్లు కూడా ఒకసారి చూడండి" అన్నాను.

"పెద్దమ్మా!" ఒరోజాలీ నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. "తిండి పెట్టి పని అడుక్కుంటామా?"

ఎసెంకుల్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. సిగ్గుపడ్డాడు పాపం. ఇప్పుడు చూస్తే, తిన్న మాంసానికి బదులు చూసినట్టవుతుంది. కిటికీ వంక తిరిగి, "మంచు పెరుగుతోంది. ఆసుపత్రి కాగితాలున్నాయిగా, వాటిని బట్టి రాస్తాం" అన్నాడు. ఒరోజాలీ గేటు దాకా వెళ్లి సాగనంపి, కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు.

ఫలితం బకాస్ ఫోనులో చెప్పాడు. "అన్నా, శుభవార్త! నువ్వు ఆరోగ్యంగా ఉన్నావట. పార పట్టి కారు కూడా తీశావటగా!"

రాజధానికి వెళ్లి పై కమిషన్‌కు ఫిర్యాదు పెట్టమని నేనూ బురుల్ పోరు పెట్టాం.

"వాళ్లు నా ఉప్పు తిన్నారు. వాళ్ల మీద నేనెట్టా ఫిర్యాదు పెడతాను?" అన్నాడు. ఇక ఆ మాట ఎత్తనివ్వలేదు.

మళ్లీ బండి ఎక్కాడు. కాళ్ల దగ్గర ఒక చిన్న లైటు బిగించుకున్నాడు, పాదం ఎక్కడుందో చూసుకోవడానికి. బండి కన్నా ఎద్దు నడక నయం అన్నంత నెమ్మదిగా వెళ్లేవాడు. బకాస్ తిట్టేవాడు. ఎవరికీ దెబ్బ తగలకుండా ఇంటికొచ్చిన ప్రతిరోజూ బురుల్ మొక్కుగా పొయ్యిలో చిటికెడు వెన్న వేసేది.

చలికాలం చివర్లో పెద్ద తుఫాను పట్టింది. కనుమ మీద బస్సు ఇరుక్కుంది. ఒరోజాలీ వెళ్లి, దిగి, నడుం లోతు మంచులో తవ్వి, బస్సును వెనకేసుకుని వచ్చాడు. వేడి యంత్రం పడుకున్న ఏడు అది. బూట్లలోకి మంచు దూరి కరిగింది, మళ్లీ గడ్డకట్టింది. మనకైతే కాళ్లు చెబుతాయి, ఆగు, రుద్దు, నిప్పు దగ్గరికి పో అని. ఆయనకు చెప్పేవి లేవు. వేళ్లలో ప్రాణం పోతుంటే ఆయన బస్సులో వాళ్ల కోసం ఈల వేసుకుంటూ దారి తీశాడట.

ఇంటికొచ్చినప్పుడు సంతోషంగానే ఉన్నాడు. "పిల్లలతో సహా అందరూ దిగారు పెద్దమ్మా. సూప్ ఉందా?" అన్నాడు. బురుల్ బూటు లాగింది. రాలేదు. గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరతో కోశాం. పాదం నేలకు తగిలితే కట్టె తగిలిన చప్పుడు వచ్చింది. బురుల్ దాన్ని ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. నేను ఆపమనలేకపోయాను. ఆయన స్పూను పట్టుకుని మా ఇద్దరి వంకా చూస్తూ, "ఏంటి, ఏమైంది?" అని అడుగుతున్నాడు.

రెండు పాదాలూ చీలమండల పైన తీసేశారు. ఈసారి ఎవరూ ఇంటికి రాలేదు, ఏమీ అడగలేదు. ఆసుపత్రి మంచం మీదుండగానే ఏ పనీ చేయలేనివాళ్లకిచ్చే మొదటి గ్రూపు పింఛను మంజూరైంది. గ్రేడరు మీదికి బకాస్ ఎవరో కొత్తవాణ్ణి ఎక్కించాడు.

అయితే మా దేశంలో కాళ్లు పోయినా ఏడాది తిరిగేసరికి మళ్లీ రుజువు చేసుకోవాలి, మధ్యలో మొలిచాయేమో ఎవరికి తెలుసు! నడవలేడు కాబట్టి కమిషనే వస్తుందని కబురు వచ్చింది. ఆ పొద్దున కూడా మంచే. మాంసం దింపుతుంటే ఒరోజాలీ, "నా కోటు ఇవ్వు. గేటు దగ్గరికి తీసుకుపో" అన్నాడు.

"సిగ్గులేదా మనిషీ, ఇంకా బుద్ధి రాలేదా?" అని బురుల్ అరిచింది, ఏడ్చింది, చివరికి కోటు తెచ్చింది. మనవలు మంచు మీద జారే స్లెడ్జి మీద కూర్చోబెట్టి, కంబళి కప్పి, తాడు చెరోవైపు పట్టుకుని మేమిద్దరం గేటు దాకా లాగాం. టోపీ సరిచేసుకుని వీధి మలుపు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ మలుపులో మంచు ముందే తీయించి పెట్టాడు, సతార్‌ను నిద్రలేపి మరీ.

కారు ఆగింది. ఎసెంకుల్ తలుపు తెరిచాడు గానీ దిగలేదు. కాలు ఒకటి బయటపెట్టి, స్లెడ్జి వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"లేవలేకపోతున్నా అన్నా, ఏమనుకోకండి" అన్నాడు ఒరోజాలీ రెండు చేతులూ చాపి. "రండి, టీ కాగింది."

ఎసెంకుల్ వచ్చి మంచులో మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతులు పట్టుకున్నాడు. తాడు నా చేతిలోంచి తీసుకుని ఇంటివైపు లాగడం మొదలుపెట్టాడు.

"అన్నా, మీరు అతిథులు! వదలండి, వదలండి!" అని ఒరోజాలీ గేటు నుంచి గడప దాకా సిగ్గుతో అరుస్తూనే ఉన్నాడు.