అక్క రాసిన ప్యాచ్, నాన్న పేరు

ఆ రోజుల్లో ఈమెయిల్ కూడా రేషను కార్డులాగా ఇంటికి ఒకటుంటే చాలనుకునేదాన్ని. పాడేరు నెట్ సెంటర్లో మొదటిసారి ఖాతా తెరిచినప్పుడు, ఇంటిపెద్ద పేరుంటేనే మర్యాద అని నాన్న పేరే పెట్టాను (నాన్నకి కాఫీ తోట, చర్చి తప్ప మరో లోకం లేదు, కంప్యూటర్ని టీవీ అనేవాడు). కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా అక్కదీ అదే ఖాతా. అందరూ ఉచితంగా వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఒత్తులు ఊడి పక్కన పడుతుంటే, అక్క కొన్ని వరుసలు రాసి సరిచేసి, ఆ మెయిల్ నుంచే పంపింది. అలాంటి దిద్దుబాటుని ప్యాచ్ అంటారు. మెయిల్ ఎవరి పేరున వెళితే, రాసినవారిగా వాళ్ళ పేరే అక్కడ ఎక్కిపోతుంది. అలా నాన్న ప్రోగ్రామరైపోయాడు. ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునే విదేశీ ఆయన మెచ్చుకుంటూ రాసింది చదివి వినిపిస్తే, "నానేటి సేసేనే గుంటా?" అని అక్కనడిగి కంగారుపడ్డాడు (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు). అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఉండనీ నాన్నా. ఇంకోటి రాస్తన్నాను, దానికి నా పేరెడతాన్లే."

ఇంకోటి రాసి ఆ మెయిల్లోనే దాచిపెట్టింది. పంపేలోపే వానాకాలం జ్వరం పట్టుకుంది. మలేరియా మెదడుకెక్కింది. విశాఖ తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు దిగకుండానే, జీపులో, నాన్న ఒడిలోనే పోయింది.

కొన్నాళ్ళకి మెయిల్ తెరిస్తే, రెండో ప్యాచ్ ఎప్పుడు పంపుతారని ఆ విదేశీ ఆయన నాన్నని ఎంతో గౌరవంగా అడుగుతున్నాడు. నాన్నకి చెప్పాను. "బేగి పంపించీ. నా పేరెట్టకు. గుంట పేరెట్టు," అన్నాడు. ఎలాగో నాకు తెలియదు. జరిగింది రాసి ఆయన్నే అడిగాను. మెయిల్ లోపల మొదటి వరుసలో 'ఫ్రమ్' అని వేసి ఆమె పేరు రాస్తే చాలన్నాడు. తెలుగులో రాసి పంపాను. ఎక్కించే ముందు ఆయన చూసి తిప్పి పంపితే, అక్క పేరు వరుసగా ప్రశ్నార్థకాలై ఉంది. తెర మీద అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. నెట్ సెంటర్లో పక్కనే కూర్చున్న నాన్న నా భుజం తట్టాడు. "ఇది దాని పేరు కాదు. మళ్ళీ రాయే, అమ్మా."

తెలుగు అక్షరాలు చెదరకుండా మెయిల్లో ఏం మార్చాలో ఆయనే చెప్పాడు. ఈసారి అక్క పేరు సరిగ్గా ఎక్కింది. దాని కింద, పాత ప్యాచ్ దగ్గర, నాన్న పేరు.

"అది తీసీమను. అదీ గుంటదే కదా."

"ఒకసారి ఎక్కిందాన్ని మార్చలేమంటున్నాడు నాన్నా."

నాన్న తెర మీద ఆ రెండు పేర్లనీ వేలితో తడిమాడు. "పోన్లే. పక్కపక్కనే ఉన్నాం," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక నేను వానలోకి వచ్చేశాను. ఆ మాటకి నవ్వడం ఇన్నేళ్ళకి చేతనైంది.